పర్లాకిమిడి పఠనమందిరంలో పాత బల్లల మరమ్మతు

పర్లాకిమిడిలో మా తరం వాళ్ళం చిన్నప్పటి నుంచి పత్రికలు చదువుకున్న పఠనమందిరంలోని చెక్క సామాను ఏ దుకాణం నుంచో కొని తెచ్చినది కాదు. ఆ గది పొడవు, కిటికీల ఎత్తు, వెలుతురు వచ్చే దిక్కు, అక్కడికి వచ్చేవారు చేసే పని, ఇవన్నీ చూసుకుని ఎవరో ఆలోచనాపరులు గీసి ఇస్తే ఈ ప్రాంతపు వడ్రంగులు చేసిన సామాను అది. నిలబడి దినపత్రికలు చదువుకోవడానికి రెండు వైపులా వాలుగా ఉండే ఎత్తు బల్లలు, కూర్చుని పుస్తకం చదివేవారికి పొడవాటి బల్లలు, పేము అల్లిన కుర్చీలు, పుస్తకాల వివరాలు రాసిన చీటీలు పెట్టుకునే చిన్న సొరుగుల బీరువా అందులో ముఖ్యమైనవి. వాటి మరమ్మతును దగ్గరుండి చూసుకునే బాధ్యత ఈమధ్య నా మీద పడింది. ఆంధ్ర, ఒడిశా సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న పాత కోర్టుల్లో, బడుల్లో, సత్రాల్లో ఇలాంటి సామాను ఇంకా మిగిలే ఉంది కనుక, ఈ పని ఎలా సాగిందో వివరంగా రాస్తున్నాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, మా గజపతి జిల్లా కొండల మీద కుండపోతగా కురిసింది. గాలికి లేచిపోయిన పెంకుల సందుల నుంచి నీళ్ళు దిగి పఠనమందిరం గచ్చు మీద నిలిచిపోయాయి. ఊరంతా ఇళ్ళూ పొలాలూ చక్కబెట్టుకునే కష్టంలో ఉన్నప్పుడు బల్లల సంగతి ఎవరికి పడుతుంది? తడిసిన సామానును తడిసినట్టే వెనక గదిలోకి చేర్చి, ఒకదాని మీద ఒకటి పేర్చి, తలుపు వేశారు. కప్పు బాగుచేయించడానికే కొన్నేళ్ళు పట్టింది. తీరా సామాను ప్రస్తావన వచ్చేసరికి, ఇనుప బల్లలూ ప్లాస్టిక్ కుర్చీలూ కొనేసి, పాతవాటిని అడుగుల లెక్కన కలపవాళ్ళకు ఇచ్చేద్దామన్నారు కొందరు. ఖర్చు తక్కువ, పని త్వరగా తెములుతుంది అన్నది వారి వాదన. అందులో దురుద్దేశం ఏమీ లేదు. అయినా అది సరైన ఆలోచన కాదని నేను అప్పుడూ గట్టిగా నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

అలాంటి ఆలోచన ఎంత దూరం పోతుందో చండీగఢ్‌ను చూస్తే తెలుస్తుంది. ఆ నగరాన్ని నిర్మిస్తున్న కాలంలో, 1951 నుంచి 1965 వరకు, ఆ నగర రూపశిల్పి లె కార్బూజియేకు జ్ఞాతి అయిన పియేర్ జాన్నరే అక్కడే ఉండి, తన సహచరులతో కలిసి సచివాలయానికి, హైకోర్టుకు, విశ్వవిద్యాలయానికి వేర్వేరుగా టేకు, పేము కుర్చీలనూ బల్లలనూ రూపొందించాడు. వాటిని వేల సంఖ్యలో చేసింది అక్కడి వడ్రంగులే. కొన్ని దశాబ్దాలు గడిచాక కార్యాలయాలు విరిగినవాటిని పనికిరాని సామాను కింద వేలం వేస్తే, విదేశీ వ్యాపారులు కారుచౌకగా కొనుక్కుపోయి, బాగుచేసి, యూరప్, అమెరికా వేలంశాలల్లో ఒక్కో కుర్చీని లక్షల రూపాయలకు అమ్ముకున్నారు. 2011లో కేంద్ర హోం శాఖ వాటి అమ్మకాన్నీ ఎగుమతినీ నిషేధించే నాటికి ఎన్నో దేశం దాటిపోయాయి. మా బల్లలను గీసినవారికి అంతటి పేరు లేదు, వాటిని ఎవరూ లక్షలు పోసి కొనరు. నన్ను బాధపెట్టేది ధర కాదు. ఒక గది కోసం పుట్టిన బల్లను ఆ గది నుంచి తీసేస్తే బల్లకూ అర్థం పోతుంది, గదికీ అర్థం పోతుంది.

చండీగఢ్ కుర్చీల మీద ఏ కార్యాలయానివో తెలిపే అక్షరాలూ సంఖ్యలూ రంగుతో రాసి ఉంటాయి. మా సామాను మీద కూడా అలాంటి గుర్తులున్నాయని బల్లలను తిరగేసిన రోజునే తెలిసింది. అడుగు చట్రం మీద తెల్లరంగుతో ౧, ౨, ౩ అని తెలుగు అంకెల్లో వరుస సంఖ్యలు వేసి ఉన్నాయి. కొన్నింటి మీద అవే సంఖ్యలు పక్కనే ఒడియా అంకెల్లో మరో చేతిరాతతో ఉన్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడివడి కొత్త రాష్ట్రంలో చేరింది. గిడుగు రామమూర్తి గారు ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన ఈ ఊరిలో ఆ మార్పు ఎందరి మనసుల్లో ఎంత అలజడి రేపిందో పెద్దలు చెప్పగా విన్నాను. ఆ చరిత్రకు చిన్న సాక్ష్యం మా బల్లల అడుగున ఉంది. అందుకే పనివాళ్ళకు నేను మొట్టమొదట చెప్పిన మాట, ఆ సంఖ్యల దరిదాపులకు ఉప్పుకాగితం పోకూడదని.

మరమ్మతుకు పాతపట్నం వైపు నుంచి ఒక పెద్ద మేస్త్రి దొరకడం మా అదృష్టం. తలుపులూ కిటికీలూ చేసేవారు ఎందరో ఉన్నారు కానీ, పాత అతుకులను విరగకుండా విప్పగలిగినవారు ఇప్పుడు అరుదు. ఆయన వచ్చీ రాగానే, "మాస్టారూ, ఉలి తరువాత పట్టుకుందాం, ముందు కొలతలు రాసుకోండి" అన్నారు. ప్రతి బల్లనూ, ప్రతి కుర్చీనీ అన్ని వైపుల నుంచి ఫొటోలు తీసి, కొలిచి, బొమ్మ గీసి, ఏ అతుకు వదులుగా ఉందో, ఏ చెక్క పుచ్చిందో సుద్దముక్కతో గుర్తు పెట్టుకున్నాం. ఆ కొలతల్లోనే వాటిని గీసినవారి బుద్ధి బయటపడింది.

నిలబడి చదివే బల్లనే చూడండి. పత్రిక పరిచే పలక నలభై డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా వాలి ఉంటుంది. చదును బల్ల మీద పెద్ద పత్రికను పరిస్తే పై వరుసలు కంటికి దూరమైపోతాయి, వాటి కోసం ముందుకు వంగక తప్పదు. పలక ఈ మాత్రం వాలితే పై వరుసా కింది వరుసా కంటికి దాదాపు ఒకే దూరంలో ఉంటాయి. పత్రిక జారిపోకుండా కింది అంచున వేలెడు ఎత్తు పట్టీ ఉంది, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా నడిమి మడతను పట్టి ఉంచే ఇత్తడి కడ్డీ ఉంది. చదివేవారు ఒక పాదం ఆనించుకోవడానికి నేల నుంచి జానెడు ఎత్తున అడ్డపట్టె ఉంది. తరతరాల చెప్పుల రాపిడికి ఆ అడ్డపట్టె నడుమ అరిగి గుంటలు పడ్డాయి. బల్లలను ఉత్తరపు కిటికీలకు లంబంగా నిలిపితే రెండు వైపులా నిలబడేవారిలో ఎవరి నీడా ఎవరి పత్రిక మీదా పడదు. గచ్చు మీద బల్ల కాళ్ళ గుర్తులు కూడా సరిగ్గా అక్కడే ఉన్నాయి.

అరిగిన ఆ అడ్డపట్టెలను తీసేసి కొత్తవి వేస్తే చూడ్డానికి బాగుంటుందని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. అరగడం వేరు, విరగడం వేరు. బరువు మోయలేని స్థితికి వచ్చిన చెక్కను మార్చాలి. వాడకం వల్ల నునుపెక్కి గుంటపడిన చెక్క తన పని తాను చేస్తూనే ఉంటే, దాన్ని మార్చడం మరమ్మతు అనిపించుకోదు.

ఇక కలప సంగతి. పలకలన్నీ టేకు, కాళ్ళూ అడ్డపట్టెలూ మా కొండల్లో దండిగా పెరిగే గుగ్గిలం కలప. బరువు మోసే చోట గుగ్గిలం, వంగకుండా నిలవవలసిన చోట టేకు వాడడంలోనే వారి తెలివి కనిపిస్తుంది. చేతుల కుర్చీలు దేనితో చేసినవో మొదట నాకు అంతుపట్టలేదు. మేస్త్రి విరిగిన చోట నుంచి నాలుగు పేళ్ళు తీసి గాజు గ్లాసు నీళ్ళలో వేశారు. కాసేపటికి నీళ్ళు పసుపు గోధుమ రంగుకు తిరిగి, ఎండకు ఎత్తి పట్టుకుంటే అంచుల్లో నీలిరంగు మెరిసింది. అది వేగి చెక్క. చక్కెర జబ్బు ఉన్నవారు రాత్రంతా నీళ్ళు పోసి ఉంచి తాగే గ్లాసులు ఈ చెక్కతోనే చేస్తారు.

తుపాను చేసిన నష్టంలో ఎక్కువ భాగం కలపకు కాదు, అతుకులకు జరిగింది. పాత వడ్రంగులు వాడినది పశువుల చర్మాలను ఉడికించి చేసే వజ్రం బంక. అది నీళ్ళలో నానితే మెత్తబడి పట్టు వదిలేస్తుంది, అందుకే ముట్టుకుంటే కుర్చీలు ఊగిపోయేవి. అయితే ఆ బలహీనతే ఇప్పుడు మాకు మేలు చేసింది. అతుకులోకి వేడినీటి ఆవిరి పట్టిస్తే మిగిలిన బంక కూడా కరిగి, చెక్క చీలకుండా విడివడింది. పాత బంకనంతా గోరువెచ్చని నీళ్ళతో తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ అదే రకం బంకను నీళ్ళగిన్నెలో పెట్టి కరిగించి పూసి, క్లాంపులు బిగించాం. బజారులో దొరికే తెల్ల బంక ఇంతకంటే గట్టిది కదా అని చాలామంది అడిగారు. గట్టిదే, అయితే ఒకసారి ఆరిందంటే ఆ అతుకును చెడగొట్టకుండా విప్పడం చాలా కష్టం. ఇంకో యాభై ఏళ్ళకు మరొక మేస్త్రి ఈ కుర్చీని విప్పవలసి వస్తే అతనికి దారి ఉండాలి. అందుకే ఈ ఒక్క విషయంలో ఎవరెంత చెప్పినా నేను పట్టు విడవలేదు.

పొడవాటి బల్లల్లో ఒకదాని పలక ఈ చివర నుంచి ఆ చివరకు నిలువునా పగిలి ఉంది. అది తుపాను పని అనే అందరం అనుకున్నాం. మేస్త్రి బల్లను తిరగేసి చట్రం లోపలి వైపు చూపించారు. చట్రంలో అడ్డంగా గాడి తీసి, అందులోకి దూరే చిన్న చెక్క బిళ్ళలను పలక అడుగున మరమేకులతో బిగించారు మొదట చేసినవారు. వానాకాలంలో తేమ పీల్చుకుని పలక వెడల్పు పెరుగుతుంది, ఎండాకాలంలో తగ్గుతుంది. ఆ బిళ్ళలు గాడిలో ముందుకూ వెనక్కూ జరుగుతూ పలకను కదలనిస్తాయి, అదే సమయంలో పైకి లేవనివ్వవు. తరువాతి కాలంలో ఏదో మరమ్మతులో ఆ బిళ్ళలు ఊడితే, పెద్ద పెద్ద ఇనుప మేకులతో పలకను చట్రానికి దిగ్గొట్టేశారు. కదలడానికి వీలు లేని పలక ఎండలకు ముడుచుకోబోయి నడుమ పగిలింది. మేకుల చుట్టూ కలప నల్లబడి ఉంది. ఇనుము తడిసినప్పుడు కలపలోని వగరుతో కలిసి అలా సిరా మరకలా దిగుతుంది.

ఆ మేకులను తీయడం చాలా ఓపికగా చేయవలసిన పని. తల పట్టి లాగితే చుట్టూ చెక్క పెచ్చు ఊడుతుంది. మేకు చుట్టూ సన్నని గొట్టపు బరమాతో తొలిచి, మేకును బయటకు తీసి, ఆ రంధ్రాన్ని అదే చారలున్న టేకు బిరడాతో మూశారు. పగులుకు లప్పం పెట్టలేదు. లప్పం పెడితే మళ్ళీ వానలకు పలక ఉబ్బినప్పుడు అది పొడిగా రాలిపోతుంది, లేదా పక్కన కొత్త పగులు తెస్తుంది. అంచులు బాగున్న చోట రెండు ముక్కలనూ దగ్గరకు తెచ్చి అతికించి, సందు మిగిలిన చోట సన్నని టేకు ఈనె దూర్చి, అడుగున ఢమరుకం ఆకారంలో కోసిన బిళ్ళలు పొదిగి పగులును కట్టేశారు. చట్రంలోని పాత గాడులు చెక్కుచెదరలేదు. వాటికి కొత్త చెక్క బిళ్ళలు చేసి, ఇత్తడి మరమేకులతో బిగించాం. నల్లమరకలను పూర్తిగా పోగొట్టాలని ప్రయత్నించలేదు. ఆక్సాలిక్ ఆమ్లం నీళ్ళలో కలిపి రాస్తే ఇలాంటి మరకలు తేలికపడతాయి. అది విషం కాబట్టి చేతికి తొడుగులు వేసుకుని, బయట గాలిలో పెట్టి, తరువాత పలుమార్లు నీళ్ళతో కడగాలి. చదివేవారి కళ్ళకు అడ్డమయ్యే ఒకటి రెండు మరకల మీద మాత్రమే దాన్ని వాడాం.

నీళ్ళలో నిలిచిన కాళ్ళ అడుగు భాగాలు మెత్తబడి ఉన్నాయి. గుగ్గిలం చేవ గట్టిదే కానీ, చుట్టూ ఉండే తెల్ల చెక్కను చెదలు వదలవు. కాలు మొత్తం మార్చే బదులు, చెడిన మేరకు ఏటవాలుగా కోసి, అదే వాలుతో కోసిన పాత కలప ముక్కను అతికారు. ఏటవాలు ఎంత పొడవుంటే అతుకు అంత బలం. కాలు మందానికి ఆరు రెట్లు ఉండాలని మేస్త్రి పట్టుబట్టారు. దానికి కావలసిన కలప కొత్తగా కొనలేదు. మా వీధుల్లో పాత పెంకుటిళ్ళు పడగొట్టి మేడలు కడుతున్నప్పుడు దూలాలూ వాసాలూ అమ్మకానికి వస్తాయి. వందేళ్ళు కప్పు కింద ఎండిన ఆ కలప పచ్చి కలపలా వంగదు, ముడుచుకోదు. ఏ ముక్క కొత్తగా వేసినదో తెలిసేలా లోపలి వైపు సంవత్సరం చెక్కించాను.

కుర్చీల అల్లిక సంగతి వేరే చెప్పాలి. ఈ సీమ ఉక్కకు పేము కుర్చీ కంటే సుఖమైనది లేదు, గాలి వీపుకూ తొడలకూ తగులుతూనే ఉంటుంది. కొన్ని కుర్చీలకు మధ్యలో ఎవరో ప్లైవుడ్ ముక్కలు కొట్టి ఉంచారు. వాటిని తీసేసి చట్రం చుట్టూ ఉన్న చిన్న రంధ్రాలను శుభ్రం చేయించాం. అల్లకం చేసే అతను ఒడియా మాట్లాడే యువకుడు, తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. పేము బద్దలను నీళ్ళలో నానబెట్టి, ముందు నిలువు వరుస, దాని మీద అడ్డ వరుస, మళ్ళీ నిలువు వరుస పరిచి, రెండో అడ్డ వరుసను వాటి మధ్య కిందా పైనా నేస్తూ పోనిచ్చాడు. ఆ తరువాత రెండు మూలల నుంచి రెండు ఐమూల వరుసలు వేస్తే, ఎనిమిది పలకల కన్నులున్న ఆ పరిచిత అల్లిక తయారవుతుంది. ఐమూల వరుస వేసేటప్పుడు ఏది కింద నుంచి పోవాలో ఏది పై నుంచి పోవాలో ఒక్క చోట తప్పినా బద్ద అడ్డబద్దలకు రాసుకుని కొద్ది నెలల్లోనే తెగిపోతుందట. అతని వేళ్ళు మాత్రం చూడకుండానే ఆ దారి పట్టేవి. చివరికి అంచు వెంట వెడల్పాటి బద్దను పరిచి కట్టాడు. తడిగా ఉన్నప్పుడు కాస్త వదులుగా కనిపించిన అల్లిక, నీడన ఆరేసరికి వేలితో కొడితే చిన్నగా మోగేంతగా బిగిసింది.

పాలిష్ విషయంలో చాలా చర్చ జరిగింది. పాత పూత ఏదో తెలియాలంటే కనిపించని చోట ఒక చుక్క స్పిరిట్ వేసి చూస్తే చాలు, జిగటగా మారితే అది లక్క. మా బల్లల మీద ఉన్నది లక్కే, తేమకు పాలిపోయి తెల్లగా మారింది. పలకలను చిత్రిక పట్టి కొత్త చెక్క బయటకు తీసి, నిగనిగలాడే ఆధునిక పూత వేయించాలన్న కోరిక కొందరిలో ఉండడం సహజమే. అయితే చిత్రిక పడితే నూరేళ్ళలో పండిన రంగు పోతుంది, పలక పలచబడుతుంది, పోయినదాన్ని మళ్ళీ తేలేం. అందువల్ల స్పిరిట్‌తో తడిపిన గుడ్డతో తెల్లదనం విడిచేదాకా రుద్ది, పాత పూతనే కరిగించి సర్ది, దాని మీద పలచని లక్క పూతలు వేయించాం. లక్కను స్పిరిట్‌లో ఎప్పటికప్పుడు కొద్దికొద్దిగా కలుపుకోవాలి. నెలల తరబడి నిల్వ ఉంచిన ద్రావణం ఎన్నాళ్ళైనా గట్టిపడదు. మబ్బు పట్టిన రోజున పూస్తే మళ్ళీ తెల్లబడుతుంది. అందుకే వానలు పూర్తిగా వెనకపట్టాక, కార్తీకం నుంచి ఆ పని పెట్టుకున్నాం. మోచేతులు ఎక్కువగా ఆనే అంచులకు తేనెమైనాన్ని కర్పూర తైలంలో (టర్పెంటైన్‌లో) కరిగించి రుద్దించాను. ఎండిపోతే మళ్ళీ ఎవరైనా రుద్దుకోవచ్చు, దానికి నైపుణ్యం అక్కరలేదు.

సొరుగుల బీరువా దగ్గర మాకు ఎక్కువ శ్రమ లేకపోయింది. మూడంగుళాల ఎత్తు, అయిదంగుళాల వెడల్పు ఉన్న చీటీలు నిలువుగా పట్టే కొలతలో చేసిన సొరుగులవి. చీటీలు చెదరకుండా అడుగు రంధ్రాల గుండా పోయే ఇత్తడి కడ్డీలు అన్నీ ఉన్నాయి. ముందు పలకకూ పక్క పలకలకూ మధ్య పావురం తోక ఆకారపు అతుకులు ఒక్కటీ వదలలేదు, అంత వాన తిన్నా. కొత్తగా గ్రంథాలయ సామాను చేయించేవారికి ఐఎస్ 1829 అనే భారతీయ ప్రమాణం ఉంది, కావలసినవారు చూడవచ్చు. కానీ ఆ అతుకుల పనితనం ఏ ప్రమాణంలోనూ రాయలేరని నా అభిప్రాయం. సొరుగుల ముందు చట్రాల్లో ఉన్న తెలుగు అక్షరాల చీటీలను తీయకుండా, పక్కనే ఒడియా అక్షరాలకు వేరే చీటీలు రాయించాం.

ఎత్తు బల్లలను గచ్చు మీది పాత గుర్తుల మీదే నిలిపాం. కాళ్ళ కింద నేల తేమ పైకి ఎక్కకుండా పలచని రాతి బిళ్ళలు పెట్టించాం, బల్లల మీద నీళ్ళ సీసాలు పెట్టకుండా గోడ పక్కన వేరే అరుగు చూపించాం. పని తాలూకు కొలతలు, ఫొటోలు, వాడిన బంక, పూతల వివరాలు ఒక పుస్తకంలో రాసి బీరువా కింది సొరుగులో ఉంచాను. రెండు ఎత్తు బల్లలకు ఇత్తడి కడ్డీలు పోయాయి. మిగిలినవాటిని నమూనాగా ఇచ్చి పోత పోయిస్తున్నాం. మరికొన్ని కుర్చీలకు అల్లిక మిగిలి ఉంది, మంచి పేము దొరకగానే ఆ యువకుడు సంక్రాంతి తరువాత వచ్చి పూర్తి చేస్తానన్నాడు.